బుడమేరు పైన ఎంత పడింది? ఫోన్లతో వాతావరణం కొలుస్తున్న నా అనుభవం

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఆ పొద్దున విజయవాడ సింగ్‌నగర్‌లో ఇంటికి రెండు మూడు ఫోన్లకు తక్కువ లేవు. ప్రతి ఫోన్‌లోనూ వాతావరణం చూపించే యాప్ ఉంది. మబ్బు బొమ్మ, కింద వాన చుక్కలు, పక్కన ఉష్ణోగ్రత. కానీ మాకు ఆ రోజు కావాల్సిన అంకె మాత్రం ఎవరి ఫోన్‌లోనూ లేదు. మైలవరం వైపు ఎంత వాన పడింది, ఆ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి అన్నది ఎవరికీ తెలియదు. వాన తగ్గుముఖం పడుతున్నా వీధిలో నీళ్ళు పెరుగుతుంటే, కారణం తెలియకుండానే జనం మేడలెక్కారు.

బుడమేరు అనే వాగు మైలవరం వైపు కొండల్లో పుట్టి, వెలగలేరు మీదుగా వచ్చి, నగరానికి ఉత్తరాన మా కాలనీల పక్కగా సాగి కొల్లేట్లో కలుస్తుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, డైవర్షన్ కాలువ తవ్వి, వరదను ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి మళ్ళిస్తారు. ఆ రోజుల్లో ఆ కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. అటు కృష్ణ కూడా పొంగుతోంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 2009 అక్టోబరు నాటి వరదను కూడా అది దాటింది. కృష్ణే అంత ఎత్తున ఉంటే బుడమేరు నీళ్ళు అందులోకి దిగేదెలా? ఊళ్ళ మీదుగా మా కాలనీల్లోకి వచ్చాయి.

మా కింది వాటాలో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. ఆ రోజుల కష్టం గురించి చాలామంది రాశారు, ఇక్కడ మళ్ళీ రాయను. ఆ తర్వాత మేం మొదలుపెట్టిన పని గురించి రాయాలని కూర్చున్నాను. నేను ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. సెన్సర్లు, బోర్డులు, వైర్లతోనే నా రోజు గడుస్తుంది. ఇంత తెలిసి కూడా మా వీధికి పనికొచ్చే ఒక్క కొలత మన దగ్గర లేదే అన్న బాధ నీళ్ళు తీసిపోయాక కూడా పోలేదు.

ముందు అసలు ఫోన్‌లో ఏమేం దొరుకుతాయో తెలుసుకోవడంతో మొదలుపెట్టాను. భారత వాతావరణ శాఖ వారి 'మౌసమ్' యాప్ 2020 నుంచి ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి 'సచేత్'లో మనం ఉన్న చోటుకు సంబంధించిన హెచ్చరికలు వస్తాయి. పిడుగుల కోసం పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' ఉంది. మనకు 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడే ప్రమాదం ఉంటే చెబుతుంది. కాకపోతే ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉండాలి. మా వీధిలో దామిని పెట్టుకున్నవాళ్ళలో చాలామంది చార్జింగ్ ఆదా అని లొకేషన్ ఆపేసి ఉంచేవారు. ఇంటింటికీ వెళ్ళి ఆన్ చేయించడం నా మొదటి పని అయింది. రైతులకైతే 'మేఘదూత్' ఉంది. వీటన్నిటికంటే నాకు ఎక్కువ నచ్చింది మచిలీపట్నం డాప్లర్ రాడార్ బొమ్మ. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఫోన్‌లో చూడొచ్చు. సముద్రం మీది నుంచి వాన మబ్బు ఎటు కదులుతోందో వరసగా కొన్ని బొమ్మలు చూస్తే తెలిసిపోతుంది. అది జోస్యం కాదు, ఆ నిమిషానికి ఆకాశంలో ఏముందో అదే.

అయితే అంకెలు చూపించగానే సరిపోదు, అవి చెప్పేదేమిటో కూడా తెలియాలి. ఎల్లో, ఆరెంజ్, రెడ్ అని టీవీలో రంగులు చెబుతారు, వాటి వెనక మిల్లీమీటర్లు ఉంటాయి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ వర్షం. మా ఎదురింటి మామ్మగారు అడిగారు, "మిల్లీమీటరంటే ఎంతుంటుంది బాబూ? పిల్లల స్కేలు మీద గీతంతేగా, దానికే ఊరు మునుగుతుందా?" అని. న్యాయమైన ప్రశ్న. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్ళు. వంద గజాల మేడ మీద వంద మిల్లీమీటర్లు పడితే ఎనిమిది వేల లీటర్ల పైమాట. అంటే మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఎనిమిది నింపినంత. "ఒక్క మా మేడ మీదేనా!" అన్నారు మామ్మగారు. అక్కడి నుంచి మైలవరం కొండల దాకా ఎన్ని మేడలు, ఎన్ని పొలాలు, ఎంత గుట్ట ప్రాంతం ఉందో చెప్పేసరికి ఆవిడకు విషయం పూర్తిగా అందింది. ఆ రోజు నుంచి మా వీధిలో అందరికంటే శ్రద్ధగా వాన లెక్క అడిగేది ఆవిడే.

వాన కొలవడానికి ఖరీదైనవేవీ అక్కర్లేదు. అడుగు నుంచి పై దాకా ఒకే వెడల్పుండే పారదర్శకమైన డబ్బా, దాని మూతి ఎంత వెడల్పుందో సరిగ్గా అంతే వెడల్పున్న గరాటు, పక్కన అంటించిన స్కేలు చాలు. లోపల నీళ్ళు ఎన్ని మిల్లీమీటర్లు నిలిస్తే అంత వాన. గోడ పక్కన, చెట్టు కింద పెట్టకూడదు. ట్యాంకు నీడలోనూ వద్దు, గాలివాన ఏటవాలుగా వచ్చినప్పుడు ట్యాంకు అడ్డం పడుతుంది. మా ఇంట్లో మేడ మధ్యలో ఇటుకలు పేర్చి డబ్బాను బిగించాను. పావురాలు గరాటు అంచు మీద వాలి పాడుచేస్తుంటే చుట్టూ కట్టుతీగ ముక్కలు నిలబెట్టాల్సి వచ్చింది. వారానికి ఒకసారైనా గరాటు కడగాలి. ఒక్క ఎండుటాకు అడ్డుపడినా కొలత పోయినట్టే.

ఇంకొకటి టైము. దేశమంతా రోజువారీ వానను పొద్దున 8:30కి లెక్క తీస్తారు. నిన్న 8:30 నుంచి ఇవాళ 8:30 దాకా పడిందంతా ఇవాళ్టి తేదీ కింద రాస్తారు. ఇది తెలియకపోతే ఆదివారం సాయంత్రం కురిసిన వాన సోమవారం లెక్కలో కనబడి, అధికారుల అంకె తప్పని జనం వాదిస్తారు. మేం కూడా 8:30నే పట్టుకున్నాం. పిల్లల స్కూలు బస్సు, ఆఫీసు హడావుడి సరిగ్గా అప్పుడే. అయినా అదే టైముకి చదవాలని గట్టిగా నిర్ణయించుకున్నాం. టైము మారితే మా అంకెను వాతావరణ శాఖ అంకె పక్కన పెట్టి చూసుకునే వీలే ఉండదు.

ఇక ఫోన్ సంగతి. కొన్ని ఫోన్లలో గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఉంటుంది. జీపీఎస్ మన ఎత్తును త్వరగా పట్టుకోవడానికి సాయంగా పెట్టిన చిన్న భాగమది. చాలామందికి తమ ఫోన్‌లో అది ఉందన్న సంగతే తెలియదు. సెన్సర్లు చూపించే యాప్ ఏదైనా వేసుకుంటే ఉందో లేదో బయటపడుతుంది. నా పాత ఫోన్‌లో ఉంది. స్క్రీన్ పగిలిందని మూలన పడేసిన ఫోన్ అది. చార్జర్ తగిలించి, బీరువా మీద కదలకుండా ఉంచి, పీడనాన్ని గీతలా గీసే యాప్ పెట్టాను.

మర్నాటి నుంచి కనబడింది చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పొద్దున 10 ప్రాంతంలో గీత పైకి వెళ్తుంది. సాయంత్రం 4కి కిందికి దిగుతుంది. రాత్రి 10కి మళ్ళీ పైకి, తెల్లవారుజామున 4కి మళ్ళీ కిందికి. వాన లేదు, గాలి లేదు, ఆకాశం నిర్మలంగా ఉంది, అయినా రోజుకు రెండుసార్లు గాలి బరువు పెరిగి తగ్గుతోంది. ఎండకు పై వాతావరణం వేడెక్కి పుట్టే అల అది. మనలాంటి ఉష్ణమండలంలో బాగా స్పష్టంగా కనబడుతుంది, తేడా రెండు మూడు హెక్టోపాస్కల్స్ (గాలి పీడనానికి కొలమానం) ఉంటుంది. పుస్తకంలో చదివినదే అయినా, మన ఇంటి బీరువా మీది పగిలిన ఫోన్‌లో చూడటం వేరు. ఫోన్ చేత్తో పట్టుకుని కింది వాటా నుంచి మేడ మీదికి ఎక్కితే అంతస్తుకు హెక్టోపాస్కల్‌లో మూడో వంతు తగ్గుతుంది. అంత సున్నితమైన పరికరం. అందుకే దాన్ని ఒక్కచోటే ఉంచాలి. జేబులో తిరిగే ఫోన్ మనం ఎక్కిన మెట్లనే చూపిస్తుంది, వాతావరణాన్ని కాదు.

ఉష్ణోగ్రత విషయంలో మాత్రం ఫోన్‌ను నమ్మకూడదు. ఫోన్ లోపల ఉండే థర్మామీటర్ బ్యాటరీ వేడిని చెబుతుంది, బయటి గాలిది కాదు. యాప్‌లో కనబడే ఉష్ణోగ్రత మన వీధిలో ఎవరూ కొలిచింది కాదు. కంప్యూటర్ లెక్క గట్టినదో, దగ్గర్లోని కేంద్రానిదో అయి ఉంటుంది. విజయవాడ పేరుతో వినే అంకెల్లో చాలావరకు గన్నవరం విమానాశ్రయం దగ్గరివి. అక్కడ రన్‌వే పక్కన విశాలమైన ఖాళీ స్థలం. ఇక్కడ గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, ప్రతి కిటికీ నుంచి ఏసీ వదిలే వేడి. రెండు చోట్లా ఒకేలా ఎలా ఉంటుంది?

అందుకని విడిగా సెన్సర్ తెప్పించాను. ఉష్ణోగ్రత, తేమ, పీడనం మూడూ కొలిచే బీఎంఈ 280 అనే చిన్న చిప్పు, దాని కొలతలను చదివి వై-ఫై మీద పంపే ఇఎస్‌పీ 32 అనే బోర్డు. రెండూ కలిపి వందల్లోనే అయిపోతాయి. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు బీఎంఈ అని చెప్పి బీఎంపీ 280 పంపాడు. చూడ్డానికి రెండూ దాదాపు ఒకటే, కానీ బీఎంపీ తేమ కొలవదు. బోర్డు నుంచి చిప్పు గుర్తింపు సంఖ్య అడిగితే దొంగతనం బయటపడుతుంది. హెక్సాడెసిమల్‌లో (కంప్యూటర్లకు వాడే పదహారు అంకెల లెక్కలో) 60 అని వస్తే అసలుది, 58 అని వస్తే తేమ లేనిది. అతను డబ్బు వెనక్కివ్వడానికి నానా తిప్పలు పెట్టాడు. కొత్తగా మొదలుపెట్టే స్టూడెంట్లకు ఇలాంటివాటితోనే ఉత్సాహం చచ్చిపోతుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సెన్సర్ ఎక్కడ పెట్టామన్నది సెన్సర్ కంటే ముఖ్యం. మా పాలిటెక్నిక్ పిల్లలకు చూపించడానికి కావాలనే రెండు సెన్సర్లు రెండు చోట్ల పెట్టాను. ఒకటి పిట్టగోడ మీద ఎండలో. రెండోది తెల్లటి ప్లాస్టిక్ సాసర్లు బోర్లించి, మధ్యలో ఖాళీ వదులుతూ పొడవాటి బోల్టులతో ఒకదాని మీద ఒకటి బిగించిన గూడులో. సాసర్ల సందుల్లోంచి గాలి ఆడుతుంది, ఎండ మాత్రం లోపలికి పడదు. స్లాబు నుంచి వచ్చే సెగ తగలకుండా గొట్టం మీద ఎత్తుగా నిలబెట్టాను. మధ్యాహ్నం రెండు గంటలకు పిట్టగోడ మీదిది చూపే అంకెను ఎవరైనా ఫొటో తీసి 'బెజవాడలో ఇంత ఎండ' అని పంపితే అరగంటలో ఊరంతా తిరుగుతుంది. అది గాలి వేడి కాదు, గోడ వేడి. ప్రపంచమంతా గాలి ఉష్ణోగ్రతను నీడలోనే కొలుస్తుంది. వాతావరణ కేంద్రాల్లో తెల్ల రంగు వేసిన చెక్క పెట్టె లోపల, నేలకు 1.25 మీటర్ల ఎత్తులో థర్మామీటర్ ఉండేది అందుకే.

పాత ఫోన్‌ను మేడ మీద పెట్టలేదు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీల పైన చార్జ్ చేయకూడదు, మే నెల ఎండలో మూసిన డబ్బాలో ఫోన్ పెడితే ఉబ్బిపోతుంది. పైన బోర్డు, సెన్సర్ మాత్రమే ఉంటాయి. ఫోన్ ఇంట్లో ఉండి హాట్‌స్పాట్ ఇస్తుంది. దాని ద్వారా కొలతలు థింగ్‌స్పీక్ అనే సైట్‌కు చేరతాయి. అక్కడి నుంచి వీధిలో ఎవరి ఫోన్‌లోనైనా గీతలు చూసుకోవచ్చు.

మామ్మగారిది రేకుల ఇల్లు. ఆవిడ అనుమతితో ఇంకో సెన్సర్ ఆ ఇంట్లో, మంచం పక్కన గోడకు తగిలించాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మనుషుల సంగతి ఎవరు కొలిచారు? రాత్రి భోజనాల వేళ దాటాక కూడా ఆవిడ గదిలో వేడి మా మేడ మీద గాలి కంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువే. మైదాన ప్రాంతంలో వడగాడ్పు అని ప్రకటించాలంటే పగటి ఉష్ణోగ్రత కనీసం 40కి చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, లేదా నేరుగా 45కి చేరాలి. 38 డిగ్రీలతో సముద్రం గాలి తేమ కలిసిన రోజు ఆ లెక్కన వడగాడ్పు కిందికి రాదు. కానీ చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. మామ్మగారికి నిజంగా ప్రమాదం అలాంటి రోజుల్లోనే. అందుకని ఆవిడ గదిలో వేడి, తేమ రెండూ కలిసి ఒక హద్దు దాటితే ఆవిడ మనవడి ఫోన్ మోగేలా పెట్టాను. మోగినప్పుడు అతను ఆవిడను మా వరండాలోకి తీసుకొచ్చి కూర్చోబెడతాడు. ఈ మొత్తం పనిలో నాకు బాగా తృప్తినిచ్చింది ఇదే. ఊరంతటికీ ఒక్క ఉష్ణోగ్రత అంటే రేకుల కింద పడుకునేవాళ్ళను లెక్కలోంచి తీసేసినట్టే.

ఇదంతా మామూలు రోజుల్లో. వరద వస్తే? 2024లో మా వీధిలో కరెంటు పోయింది, ఫోన్లు ఒక్కొక్కటీ చార్జింగ్ అయిపోయి ఆరిపోయాయి, మిగిలినవాటిలో సిగ్నల్ ఉండీ లేనట్టు ఉండేది. వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతూనే ఉండేవి, అవసరమైన ఒక్క మాట మాత్రం వెళ్ళేది కాదు. అందుకే రెండో దారి కావాలనుకున్నాను. బోర్డుకు చిన్న సోలార్ ప్యానెల్, బ్యాటరీ, ఎస్సెమ్మెస్ పంపే సిమ్ మాడ్యూల్ తగిలించాను. చవగ్గా దొరికే సిమ్ 800 మాడ్యూల్ 2జీ మీదే నడుస్తుంది. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ ఇందులో పనిచేయదు, 2జీ ఇంకా ఉన్న వేరే కంపెనీ సిమ్ వేయాలి. పైగా మెసేజ్ పంపే క్షణంలో ఆ మాడ్యూల్ రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. బలహీనమైన సప్లై ఇస్తే బోర్డు సరిగ్గా అదే క్షణంలో రీసెట్ అవుతుంది. బ్యాటరీ నుంచి మాడ్యూల్‌కు విడిగా మందపాటి వైరు వేసి, పక్కన కాస్త కరెంటు దాచుకుని అవసరమైన క్షణంలో ఇచ్చే పెద్ద కెపాసిటర్ పెడితే ఆ బెడద పోతుంది. ఇంకో సంగతి, తెలుగులో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌లో 70 గుర్తులే పడతాయి, గుణింతాలు కూడా అందులోనే లెక్క. అందుకని చోటు పేరుకు రెండు అక్షరాలు, టైము, వాన, అంతే. ముందే అనుకున్న పద్ధతి కాబట్టి మాకందరికీ అర్థమవుతుంది.

ప్రభుత్వం వైపు నుంచి సెల్ బ్రాడ్‌కాస్ట్ ఉంది. ఒక టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగి స్క్రీన్ మీద హెచ్చరిక వస్తుంది. ఎవరి నంబరూ అక్కర్లేదు, లైన్లు బిజీగా ఉన్నా ఆగదు. 2023లో దాన్ని పరీక్షించినప్పుడు చాలామంది కంగారుపడి ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆపేసుకున్నారు. దయచేసి ఇవాళే ఒకసారి చూసుకోండి, ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసుకోండి.

అన్నీ బిగించాక కూడా అసలు లోటు అలాగే ఉంది. మా మేడ మీద పడే వాన మమ్మల్ని ముంచదు, పైన పడేదే ముంచుతుంది. కాబట్టి కొలత మా ఇంటి దగ్గర కాదు, బుడమేరు పొడుగునా కావాలి. మైలవరంలో మా పిన్ని కొడుకు ఉన్నాడు. ఫోన్ చేసి చెబితే, "డబ్బా పెట్టడానికేముంది అన్నయ్యా, రోజూ చూసి రాయడమే కష్టం" అన్నాడు. నిజమే. అయినా ఒప్పుకున్నాడు. వాడి ద్వారా జి.కొండూరులో ఒక రిటైర్డ్ మాస్టారు కలిశారు. ఆయన పొలం గట్టు మీద, నాకంటే మంచి చోట డబ్బా పెట్టారు. ఇలా ఒకరి ద్వారా ఒకరుగా చిన్న గుంపు తయారైంది.

గుంపుకు ఒకే నియమం పెట్టుకున్నాం. డబ్బా ఫొటో, టైము, అంకె. ఇంకేమీ వద్దు. గుడ్‌మార్నింగ్‌లు వద్దు, ఫార్వర్డ్‌లు అసలే వద్దు. వరద రోజుల్లో మళ్ళీ గండి పడిందని, ఇంకో వరద వస్తోందని పుకార్లు లేచి, నీళ్ళలోనే జనం పరుగులు తీయడం నా కళ్ళతో చూశాను. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో పడినవాళ్ళకే తెలుసు. ఫొటో లేని అంకెను మేం తీసుకోం, అది ఎవరు పంపినా సరే. మాస్టారు ఒకసారి ఊరెళ్ళి, పక్కింటాయన చెప్పిన అంకె ఫోన్‌లో చెబితే, ఆ రోజు గడి ఖాళీగానే వదిలాం. ఆయన నొచ్చుకోలేదు, "అదే సరైన పద్ధతి" అన్నారు.

2025 అక్టోబరు 28న మొంథా తుపాను వచ్చింది. ఆ రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. బీరువా మీది ఫోన్‌లో గీత మధ్యాహ్నం నుంచే తేడాగా ఉంది. సాయంత్రం 4కి దిగడం మామూలే. రాత్రి 10కి మళ్ళీ లేవాలి కదా, ఆ రాత్రి లేవలేదు, దిగుతూ పోయింది. ఒక కన్ను ఆ గీత మీద, ఒక కన్ను మచిలీపట్నం రాడార్ బొమ్మ మీద పెట్టి కూర్చున్నాను. మైలవరం, జి.కొండూరు నుంచి గంట గంటకూ టార్చిలైటు వెలుగులో తీసిన డబ్బా ఫొటోలు వస్తున్నాయి. మామ్మగారు రెండుసార్లు కబురు పెట్టారు, "పైన ఎంత పడిందట?" అని. ప్రతిసారీ అంకె చెప్పగలిగాను. కింది వాటా సామాను ముందే పైకి చేర్చాం, బండ్లు ఎత్తు మీద పెట్టుకున్నాం. చివరికి వీధిలో మోకాలి లోతు నీళ్ళు కూడా రాలేదు. అయినా ఆ రాత్రి ఎవరూ చీకట్లో అంచనాలు వేసుకుంటూ కూర్చోలేదు.

ఒక మాట మాత్రం అధికారులకు, టెలికాం కంపెనీలకు చేరాలని నా కోరిక. ఒక సెల్ టవర్ నుంచి ఇంకో టవర్‌కు మైక్రోవేవ్ లింకులు, అంటే వైరు లేకుండా రేడియో తరంగాలతో నడిచే లైన్లు ఉంటాయి. మధ్యలో వాన పడితే ఆ సిగ్నల్ బలహీనపడుతుంది. ఎంత తగ్గిందో చూసి ఎంత వాన పడుతోందో లెక్క కట్టవచ్చని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2006లోనే చూపించారు. 2013లో నెదర్లాండ్స్‌లో ఆ పద్ధతితో దేశమంతటికీ వాన పటం గీశారు. అంటే టవర్లు మధ్య లింకులున్న ప్రతిచోటా వానను ఇప్పటికే కొలుస్తున్నట్టే. ఆ అంకెలు కంపెనీలకు తమ లైన్ల నాణ్యత చూసుకోవడానికి మాత్రమే పనికొస్తున్నాయి. మైలవరం నుంచి విజయవాడ దాకా దారి పొడుగునా టవర్లు ఉన్నాయి. ఆ లెక్క జనానికి అందితే మా డబ్బాల అవసరం సగం తీరుతుంది.

మా పాలిటెక్నిక్ పిల్లలు నన్ను అడుగుతుంటారు, "సార్, దీంతో వాతావరణ మార్పు తెలుస్తుందా?" అని. ఒక్క ఏడాది కొలతలతో తెలియదు. ఒక ప్రాంతపు శీతోష్ణస్థితి అని చెప్పడానికి 30 ఏళ్ళ సగటు తీసుకుంటారు, ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020 దాకా. అంటే ఇవాళ మేడ మీద మొదలుపెట్టిన లెక్క పూర్తిగా పనికొచ్చే నాటికి ఆ పిల్లలకు నా వయసు వస్తుంది. అందుకే సెన్సర్ మార్చిన రోజు, గూడు జరిపిన రోజు, పక్కన కొత్త మేడ లేచిన రోజు కూడా నోట్‌బుక్‌లో రాస్తున్నాను. లేకపోతే రేపు ఎవరో ఆ గీతలో ఎగుడుదిగుడు చూసి వాతావరణం మారిందనుకుంటారు, మారింది పక్కింటి గోడ అయ్యుంటుంది. పాత సెన్సర్ తీసేసే ముందు కొన్ని వారాలు కొత్తదాన్ని పక్కనే నడిపి తేడా రాసుకుంటాను. ఈ ఓపిక లేకపోతే ఎంత ఖరీదైన పరికరం పెట్టినా లాభం లేదు.

ఇప్పుడు నీటిమట్టం మీద పడ్డాం. బుడమేరు వంతెన కింద, శబ్దం పంపి దాని ప్రతిధ్వనితో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగిస్తే నీళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో ఎప్పటికప్పుడు ఫోన్‌కు వస్తుంది. సెన్సర్ తయారుగానే ఉంది, వంతెనకు బిగించడానికి అనుమతి కోసం అర్జీ పెట్టాం. అది వచ్చేలోపు ఒడ్డున పాతిన రాటకు అడుగుల గుర్తులు వేసి, రోజూ 8:30కి ఫొటో తీస్తున్నాం. వెలగలేరు, కవులూరు వైపు మాత్రం మాకు ఇంకా ఎవరూ దొరకలేదు. అటు మేడో, పొలం గట్టో ఉండి రోజూ పొద్దున డబ్బా చూసే ఓపిక ఉన్నవాళ్ళు ముందుకొస్తే, డబ్బా, గరాటు, స్కేలు నేనే తెచ్చి బిగించి వస్తాను.